షహానియాలో అంబాసిడర్ గుండె

దోహా నుంచి దుఖాన్ రోడ్డు పట్టుకుని పడమరగా పోతే, ఇరవై కిలోమీటర్లు దాటేసరికి భవనాలు పలచబడి ఇసుక మొదలవుతుంది. అల్ షహానియా అనగానే కతార్‌లోని మనవాళ్లలో చాలామందికి గుర్తొచ్చేది ఒంటెల పందేలు. 2005లో చిన్నపిల్లల్ని జాకీలుగా ఎక్కించడాన్ని చట్టంతో మాన్పించాక ఒంటెల మీదికి రోబోలు వచ్చాయి. మొదట్లో స్విట్జర్లాండ్ కంపెనీ చేత చేయించారు. తరవాత ఇక్కడే బ్యాటరీ డ్రిల్లు మిషన్‌ను విప్పి, దానికో కొరడా తగిలించి చవగ్గా చేసుకోవడం నేర్చారు. విప్పి, చూసి, ఉన్నదాంతో పని జరిపించే ఆ విద్య మనకేమీ కొత్తది కాదు. ఈ వ్యాసం ఆ విద్య గురించే, కాకపోతే ఒంటెకు బదులు ఇందులో ఒక కారు ఉంది.

అదే దారిలో అల్ సమ్రియా దగ్గర కోటలాంటి కట్టడం ఒకటి కనిపిస్తుంది. అది షేక్ ఫైసల్ బిన్ ఖాసిమ్ అల్ థానీ మ్యూజియం. 1998లో మొదలైంది. ఖురాన్ ప్రతులు, తివాచీలు, నాణేలు, శిలాజాలు అన్నీ ఉన్నా, మగపిల్లలున్న కుటుంబాలు ముందు నడిచేది కార్ల వైపే. వందల బళ్లు, వరసలు వరసలుగా. ఈ మ్యూజియం పెట్టినాయన 1960లలో పదహారేళ్ల కుర్రవాడిగా వ్యాపారం మొదలుపెట్టింది కారు విడిభాగాలతో. నాకు ఈ సంగతి ఆయన సంపద కన్నా గొప్పగా అనిపిస్తుంది. విడిభాగాలు అమ్మినవాడికే తెలుస్తుంది, ఒక చిన్న రబ్బరు వాషరు దొరక్క ఎంత పెద్ద బండి మూలపడుతుందో.

ఒక శుక్రవారం మాతోపాటు ఆ మ్యూజియానికి ఒక మెకానిక్ వచ్చాడు. కోరుట్ల మనిషి. పేరు రాయడం ఆయనకిష్టం లేదు. సనయ్యలో, అంటే దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో, అందరూ పిలిచినట్టే నేనూ ఉస్తాద్ అనే అంటాను. మేమంతా మెరిసే బానెట్లు చూస్తుంటే ఆయన ఒంగి టైర్లు చూస్తున్నాడు. "నిలబడి నిలబడి టైర్లు కూసున్నయ్ సార్," అన్నాడు. మా అబ్బాయి అడిగిన "ఇవి నడుస్తాయా?" అన్న ప్రశ్నకు ఆయన జవాబు, "నడిపిచ్చేటోడుంటే నడుస్తయ్."

నడిపించే అవకాశం 2017 చలికాలంలో వచ్చింది. షహానియా అవతల ఒక తోటలో, మేకల దాణా బస్తాల వెనక, టార్పాలిన్ కింద నలభై ఏళ్లుగా పడివున్న రెండు సీట్ల కారు. ఆ తోట యజమాని తండ్రి, చమురు కంపెనీ ఉద్యోగం ముగించి వెళ్లిపోతున్న ఒక ఇంగ్లీషు ఆయన దగ్గర దాన్ని కొన్నాడట. పక్షవాతం వచ్చిన తండ్రిని కూర్చోబెట్టి ఒక్కసారి తోట చుట్టూ తిప్పాలన్నది కొడుకు కోరిక. బాగుచేయవలసింది ఉస్తాద్. నా పని ఇంగ్లీషు మాన్యువల్ చదివి చెప్పడం, భాగాలకు ఆర్డర్లు రాయడం. అంతకు మించి నేను పానా పట్టిన పాపాన పోలేదు.

బండి పేరు ఎమ్.జి.ఏ. ఎమ్.జి. అంటే మోరిస్ గరాజెస్. ఆక్స్‌ఫర్డ్‌లో సైకిళ్లు బాగుచేసుకుంటూ పైకొచ్చిన విలియం మోరిస్ అమ్మకాల దుకాణం అది. దాని మేనేజరు సెసిల్ కింబర్, మామూలు మోరిస్ కార్ల మీద తేలికైన బాడీలు బిగించి అమ్మడంతో 1920లలో ఈ స్పోర్ట్స్ కార్ల కథ మొదలైంది. 1955 సెప్టెంబర్‌లో ఎమ్.జి.ఏ. బయటికొచ్చేసరికి బ్రిటన్‌కు డాలర్ల అవసరం చాలా ఉంది. 1962 దాకా ఏబింగ్డన్ ఫ్యాక్టరీలో తయారైన 1,01,081 బళ్లలో అత్యధిక భాగం అమెరికాకే పోయాయి. తలుపుల పైరేకు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియం. మిగతాది ఉక్కు రేకు. కాళ్లు పెట్టుకునే నేల మాత్రం ప్లైవుడ్ చెక్క!

మనది 1958 నాటిది. ఇక్కడొక చిన్న పక్కదారి. ఆ రోజుల్లో కతార్‌లో చెలామణీ అయ్యింది మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ దేశాల కోసమని వేరే రంగులో నోట్లు అచ్చువేసింది. 1966లో మన రూపాయి విలువ తగ్గించేదాకా అవి ఇక్కడ నడిచాయి. కాబట్టి ఈ బండి చేతులు మారినప్పుడు లెక్కపెట్టిన నోట్ల మీద రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకమే ఉండి ఉండాలి. రూపాయల కోసం మనం ఇక్కడికి రావడానికి ముందే రూపాయి ఇక్కడికి వచ్చి వెళ్లిపోయిందన్నమాట.

టార్పాలిన్ తీశాక మొదట చూసింది ఎడారి చేసిన మేలూ కీడూ. పొడి గాలికి తుప్పు పట్టదని అందరూ అంటారు, సగమే నిజం. గల్ఫ్‌లో ఎండాకాలం చివర సముద్రం మీంచి వచ్చే ఉక్క రాత్రిళ్లు రేకు మీద మంచులా కూర్చుంటుంది. అందులో ఉప్పు. తలుపుల కింది పెట్టెల్లాంటి భాగం లోపలి నుంచి తినేసి ఉంది. పైన ఎండకు రబ్బరు అన్నది ఎక్కడున్నా అప్పడంలా విరిగింది. సీట్ల తోలు చిట్లింది. చెక్క నేల ఎండి పొరలు విడిపోయింది. ట్యాంకులో పెట్రోలు ఆవిరైపోయి, అడుగున లక్కలాంటి జిగురు మిగిలింది. ఇసుక సంగతి చెప్పనక్కరలేదు.

బానెట్ ఎత్తగానే ఉస్తాద్ కాసేపు ఏమీ అనలేదు. తరవాత నవ్వాడు. "సార్, ఇది మన అంబాసిడర్ ఇంజనే గదా! రెండు కార్బొరేటర్లు పెట్టుకున్నది, గంతే."

నేను నమ్మలేదు. ఆ రాత్రి లెక్కలు తీసి చూస్తే ఆయన మాట అక్షరాలా నిజం. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల బి-సిరీస్ ఇంజను, 1489 సీసీ, నాలుగు సిలిండర్లు. సిలిండరు వెడల్పు, పిస్టన్ నడక రెండిట్లో ఒకటే. 1942లో పుట్టిన హిందుస్థాన్ మోటార్స్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చులు కొని కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో అంబాసిడర్ మొదలుపెట్టింది 1950ల చివర్లో. మొదటి బళ్లలో పాత రకం ఇంజను ఉండేది. కొద్దికాలానికే ఈ 1489 సీసీ వచ్చింది. ఎమ్.జి.ఏ.లో అది రెండు ఎస్.యు. కార్బొరేటర్లతో 72 హార్స్ పవర్ దాకా లాగేది. అంబాసిడర్‌లో యాభై చిల్లరతో సరిపెట్టుకుని కలెక్టర్లనూ, మంత్రులనూ, పెళ్లివారినీ, పెళ్లి సామానునూ మోసింది. ఏబింగ్డన్ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. అప్పటికి ఆ ఇంజను మన దేశంలో నడివయసులో ఉంది. ఉత్తరపాడాలో అంబాసిడర్ ఆగింది 2014 మేలో.

అంటే కోరుట్ల బస్టాండు పక్క రేకుల షెడ్డులో, పన్నెండో ఏట పానాలు తుడవడంతో మొదలైన ఒక పిల్లవాడు, తనకు తెలియకుండానే ఏబింగ్డన్ స్పోర్ట్స్ కారు విద్య నేర్చుకున్నాడు. ఇంగ్లండులో ఇప్పుడు ఆ ఇంజను బాగుచేసేవాళ్లు దాన్ని సరదాగానో, ఖరీదైన నిపుణతగానో నేర్చుకుంటారు. ఈయన బతుకుతెరువుగా నేర్చాడు. సాయంత్రానికి ట్యాక్సీ వాడికి బండి ఇచ్చెయ్యాలి, కొత్త భాగానికి డబ్బు లేదు, అన్న రెండు ఇరుకుల మధ్య నేర్చాడు. 1990లలో మారుతీలు వచ్చి షెడ్డు పలచబడ్డాక, అప్పుచేసి వీసా కొని గల్ఫ్‌కు వచ్చాడు. ఇక్కడ పాతికేళ్లూ ల్యాండ్ క్రూజర్ల క్లచ్ ప్లేట్లే మార్చాడు. తెలిసిన విద్యకు ఇక్కడ పని లేదు. ఆ టార్పాలిన్ తీసేదాకా.

ఆయన పెట్టెలో అడుగున గోనెసంచిలో చుట్టి కొన్ని పానాలున్నాయి. ఇంచుల కొలత పానాలు. దోహాలో ఏ గ్యారేజీకి పోయినా మిల్లీమీటర్ల పానాలే. అవి ఈ నట్లకు పట్టవు, బలవంతం చేస్తే అంచులు అరిగిపోతాయి. "ఇక్కడ పనికిరావని తెలిసినా ఎందుకు తెచ్చుకున్నారు?" అంటే, "నా చేతి పానాలు సార్. ఇంట్ల పెడితే ఎవడన్న అమ్ముకుంటడు," అన్నాడు.

ఏళ్ల తరబడి పడివున్న ఇంజన్ను చూడగానే బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టాలని అందరికీ చెయ్యి దురద పెడుతుంది. అలా చేస్తే పట్టేసిన పిస్టన్ రింగులు విరిగి సిలిండరు గోడలు గీరుకుపోతాయి. ఉస్తాద్ నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో రంధ్రంలో డీజిలూ గేరాయిలూ కలిపి పోశాడు. రోజూ రాత్రి డ్యూటీ అయ్యాక వచ్చి, ఫ్యాను పట్టుకుని నెమ్మదిగా ఒత్తి చూసి వెళ్లిపోయేవాడు. పదకొండు రోజులు ఏమీ లేదు. పన్నెండో రోజు బొటనవేలంత కదిలింది. ఆ రాత్రి ఆయన నాకు ఫోన్ చేసి చెప్పిన గొంతు, కొడుక్కు ఉద్యోగం వచ్చిందని చెప్పిన గొంతు కన్నా సంతోషంగా ఉంది. రెండూ విన్నవాణ్ణి కనక చెబుతున్నాను.

హెడ్డు దించాడు. వాల్వులు కూర్చునే చోట్లు చూసి తల ఊపాడు. ఈ ఇంజన్లు సీసం కలిపిన పెట్రోలు కోసం చేసినవి. వాల్వు వచ్చి తగిలే చోట ఆ సీసమే పలచటి మెత్తలా పనిచేసేది. మన దేశంలో 2000లో సీసం తీసేశాక పాత అంబాసిడర్లలో వాల్వులు హెడ్డులోకి దిగబడిపోవడం ఆయన ముందే విన్నాడు. సనయ్యలో లేత్ ఉన్న ఒక పాకిస్తానీ దగ్గర గట్టి ఉక్కు రింగులు దిగ్గొట్టించాడు. బ్రేకుల సిలిండర్లు, గొట్టాలు, పెట్రోలు పంపు భాగాలు ఇంగ్లండు నుంచి రావాలి. అక్కడ ఈ బళ్లకు ఇప్పటికీ భాగాలు చేసి అమ్మేవాళ్లున్నారు. 1975లో పెట్టిన బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ లాంటి సంస్థలు పాత అచ్చులు కాపాడబట్టి అది సాగుతోంది. కానీ 2017 జూన్‌లో పొరుగు దేశాలు కతార్ సరిహద్దులు మూసేశాయి. అంతవరకూ జబల్ అలీ మీదుగా వచ్చే సరుకు ఒమాన్ చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. మా పెట్టె ఎంతకీ రాలేదు. ఉస్తాద్ ఊరుకోక, సెలవుకు వెళ్లిన ఒక కుర్రవాడితో హైదరాబాద్ పుత్లీబౌలి నుంచి అంబాసిడర్ హెడ్ గ్యాస్కెట్ ఒకటి తెప్పించి మేకుకు తగిలించాడు. "ఇంగ్లండుది రాకుంటే ఇదే," అని.

తలుపు కింద తుప్పు కోస్తుంటే లోపల పాత అతుకు ఒకటి బయటపడింది. ఆయిలు డబ్బా రేకు కోసి, వంచి, రివెట్లు కొట్టిన అతుకు. ఎవరో, ఎప్పుడో, బహుశా మనవైపు నుంచో, మలబారు నుంచో, బలూచిస్తాన్ నుంచో వచ్చినవాడు చేసిన పని. ఉస్తాద్ వేలితో రాసి చూసి, "మంచి చెయ్యి," అన్నాడు. తరవాత కోసి పారేశాడు. తప్పదు, బలం లేని రేకు మీద మనుషుల్ని కూర్చోబెట్టలేం.

కోసేసింది ఎంత, మిగిలింది ఎంత, చివరికి ఇది ఆ బండేనా అన్న అనుమానం నన్నప్పుడే పట్టుకుంది. ఈ తగవు ఒకసారి లండన్ హైకోర్టుకే వెళ్లింది. 1929లోనూ 1930లోనూ లెమాన్స్ పందెం గెలిచిన ఒక బెంట్లీ స్పీడ్ సిక్స్‌ను, ఓల్డ్ నంబర్ వన్ అని దాని పేరు, కోటి పౌన్లకు అమ్మజూపారు. ఇందులో గెలిచిన నాటి బండి ఏముంది, అన్నీ మార్చేశారుగా అని కొనేవాళ్లు అడ్డం తిరిగారు. 1990లో జస్టిస్ ఓటన్ విచారించి చూస్తే 1929 నాటి బండిలో మిగిలింది బహు కొద్ది. అయినా ఆ బండి ఏనాడూ మరొకటై పోలేదనీ, ఒక్కొక్కటే మారుతూ తెగిపోని చరిత్రతో వచ్చిందనీ, ఆ పేరు దానిదేననీ తీర్పు చెప్పాడు.

మనకీ వాదన అర్థం కావడానికి కోర్టు అక్కర్లేదు. రథం ఇరుసు మారుతుంది, చక్రాలు మారతాయి, స్వామి రథం స్వామి రథమే. జీర్ణోద్ధరణ అని మన పెద్దలు పేరు కూడా పెట్టారు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపం రాళ్లన్నీ విప్పి, నంబర్లు వేసి పక్కన పేర్చి ఉంచడం నేను సెలవులకు వెళ్లిన ప్రతిసారీ చూసేవాణ్ణి. 2024 శివరాత్రికి గాని అది మళ్లీ నిలబడలేదు. ఇటు చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం ఆర్డరిచ్చిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ ఉంది, వెనక సీటు సింహాసనంలా చేయించినది. అది చేరకముందే 1911లో ఆయన పోయాడు. తిరిగింది మొత్తం 356 మైళ్లేనంటారు. ఎంత తక్కువ తిరిగితే అంత విలువట! అంబాసిడర్‌కి ఈ లెక్క చెబితే నవ్విపోతుంది.

రంగు దగ్గర నేను ఓడిపోయాను. డాష్‌బోర్డు వెనక గోకితే లేత నీలం కనిపించింది, ఫ్యాక్టరీ వాళ్ల గ్లేషియర్ బ్లూ. అదే వెయ్యాలని నా పట్టు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ ఉంది, వీలైనంత అసలుదాన్ని కాపాడాలంటుంది, అని ఉపన్యాసం ఇచ్చాను. యజమాని మర్యాదగా విని, ఎరుపు వేయించమన్నాడు. తన చిన్నప్పుడు అది ఎర్రగానే ఉండేదట. అతని మాటలో తప్పేముందో నేనిప్పటికీ చెప్పలేను. ఉస్తాద్‌ని అడిగితే, "రంగేమున్నది సార్, చీరె మార్చినట్టు. ఇంజను పలకాలె," అన్నాడు.

పలికింది 2019 ఫిబ్రవరిలో, ఒక గురువారం రాత్రి. ట్యాంకును ఇంకా నమ్మక, సెలైన్ సీసాలాంటి ప్లాస్టిక్ సీసాలోంచి పెట్రోలు ఇచ్చాడు. సీట్ల వెనక ఉండే రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు కలిపాడు. ఆ కాలం ఇంగ్లీషు బళ్లలో పాజిటివ్ తీగ బాడీకి వెళుతుంది, ఈనాటి కుర్రాళ్లు తిరగేసి పెడతారని ఎవర్నీ ముట్టనివ్వలేదు. ప్లగ్గు తీగలు తగిలిస్తూ ఎక్కం చదివినట్టు "వన్, త్రీ, ఫోర్, టూ" అనుకున్నాడు. పంపు టిక్ టిక్ మంది. సెల్ఫ్ లాగాడు. రెండుసార్లు దగ్గి, పొగ కక్కి, మూడోసారి అందుకుంది. ఆ చప్పుడు విని నాకు ఒళ్లు జలదరించింది. తెలిసిన చప్పుడది. మా తాతగారిని గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లిన ట్యాక్సీ చప్పుడు.

తండ్రిని కూర్చోబెట్టి కొడుకు తోట చుట్టూ మూడుసార్లు తిప్పాడు. పెద్దాయన నడవలేడు, మాట సరిగా రాదు. మూడో చుట్టులో ఎడమ చెయ్యి గేరు వైపు చాచి, కొడుకు చేతిని పక్కకు నెట్టాడు. గేరు తప్పు వేస్తున్నాడని.

యజమాని ఈ బండికి చక్కటి ఫైలు చేశాడు. చాసిస్ నంబరు, ఇంజను నంబరు, ఇంగ్లండు బిల్లులు, ముందూ తరవాతా ఫోటోలు, పెయింటు కంపెనీ పేరు, సీట్లు కుట్టిన దుకాణం పేరు. మెకానిక్ పేరు రాసే గడి ఆ అచ్చు ఫారంలో లేదు. కావాలని చేసింది కాదు. ప్రపంచంలో ఏ పాత బండి కాగితాలు తిరగేసినా ఇంతే. ఎవరు కొన్నారు, ఎవరు తోలారు, ఎంతకు అమ్మారు ఉంటాయి. నేను మాన్యువల్ చివరి ఖాళీ పేజీలో తేదీలతో ఏ రోజు ఏం చేశాడో తెలుగులో రాసి పెట్టాను. ఆయన పేరు కూడా అక్కడ ఉంది. చదివేవాడు ఎవడన్నది వేరే సంగతి. ఉస్తాద్ దగ్గర పనిచేసే నేపాలీ కుర్రవాడు తెలివైనవాడే. కానీ వాడి ఫోన్లో పాఠాలన్నీ కంప్యూటరు తగిలించి చూసే ఇంజన్లవి. చెవి దగ్గర స్క్రూడ్రైవరు పెట్టుకుని ట్యాపెట్ల చప్పుడు వినడం రెండుసార్లు ప్రయత్నించి నవ్వేశాడు.

2022లో ఉస్తాద్ కోరుట్ల వెళ్లిపోయాడు. షెడ్డు ఉన్న చోట ఇప్పుడు మొబైల్ దుకాణాలున్నాయట. మొన్న ఫోన్ చేశాడు. మోకాళ్ల నొప్పులు, మనవరాలి చదువు, వానలు, అన్నీ అయ్యాక అడిగాడు.

"బండి ఎట్లున్నది సార్?"

"బాగుంది. నెలకోసారి తీస్తున్నారు."

"షెడ్ల మేకుకు గ్యాస్కెట్ ఉన్నదా?"

ఇంగ్లండు పెట్టె చివరికి వచ్చింది కాబట్టి పుత్లీబౌలి గ్యాస్కెట్ వాడలేదు. కాగితం కవరుతో అలాగే వేలాడుతోంది, మీద దుమ్ము.

"ఉంది," అన్నాను.

"తియ్యనియ్యకుండ్రి. పనికొస్తది."